ఎవరి కర్మ, ఎవరి కడుపు

ఫిబ్రవరి 10న ప్రకాశం జిల్లా కొత్తపట్నం మండలంలోని అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలకు ఒక మాత్ర ఇచ్చి, ఎదురుగా నిలబడి నమిలిస్తారు. ఏడాది నిండి రెండేళ్లు దాటని వాళ్లకు ఆల్బెండజోల్ సగం మాత్ర పొడి చేసి నీళ్లలో కలిపి పడతారు. ఆపైన పంతొమ్మిదేళ్ల దాకా 400 మిల్లీగ్రాముల మాత్ర నిండుగా ఇస్తారు. దేశంలో 2015లో మొదలైన నులిపురుగుల నిర్మూలన కార్యక్రమం ఇది. ఆగస్టులో రెండో విడత ఉంటుంది. ఆ మాత్ర నోట్లో పెట్టే ముందు ఏ బిడ్డ కడుపులో పురుగుందో, ఏ బిడ్డ కడుపులో లేదో ఎవరూ పరీక్షించరు. రోగం ఉందో లేదో తేల్చకుండా మందు ఇవ్వడం న్యాయమేనా అని అడిగేవాళ్లు ఉన్నారు, అడగాల్సిన ప్రశ్నే. అయితే దానికి జవాబు చెప్పబోతే అంతకన్నా పాత ప్రశ్న ఒకటి ఎదురొస్తుంది. అసలు ఈ రోగం ఎవరిది? బిడ్డ పాలిపోయి, పొట్ట ముందుకొచ్చి, ఎప్పుడూ నలతగా ఉంటే, ఏ జన్మలో ఏం చేసుకున్నాడో అని ఇరుగుపొరుగులో ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో జాలి ఉంది, కాదనలేం. కానీ ఆ జాలి వెనక ఒక సిద్ధాంతం కూడా ఉంది, అది ఆ బిడ్డకు మేలు చేయడం లేదు. కడుపులో పురుగుల విషయంలో రోగి ఊరేననీ, బిడ్డ ఆ ఊరి రోగాన్ని మోస్తున్నాడనీ, మన శాస్త్రాలు చదివినా పురుగు నడిచే దారి చూసినా తేలేది ఇదేననీ నా వాదం.

ముందు పురుగు దారి చూద్దాం. ఏలికపాము ఆడది రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. మలంతో బయట పడిన రోజున ఆ గుడ్డు ఎవరినీ ఏమీ చేయలేదు. తడి, నీడ ఉన్న నేలలో రెండు మూడు వారాలు గడిస్తేనే లోపల పిల్లపురుగు తయారవుతుంది. ఆ తర్వాత అనువైన మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఆడుకునే పిల్లల గోళ్ల సందుల్లోనో, కడగని దోసకాయ మీదనో, కింద పడి మళ్లీ నోట్లోకి పోయిన చిరుతిండి మీదనో ఎక్కి లోపలికి వెళుతుంది. పేగులో పొదిగి, పేగు గోడ తొలుచుకుని, రక్తంతో కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి పాకి, మళ్లీ మింగుడుపడి పేగులోకి దిగి అక్కడ జానెడుకు పైగా పెరుగుతుంది. కొంకిపురుగు దారి వేరు. దాని గుడ్డు తడి ఇసుకలో ఒకటి రెండు రోజుల్లో పగిలి, వారం పది రోజుల్లో పిల్లపురుగు చర్మం తొలిచేంతగా ఎదిగి, చెప్పుల్లేని పాదం కోసం నేల పైపొరలో కాచుకుని ఉంటుంది. 1898 ప్రాంతంలో కైరోలో ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతిమీద ఈ పిల్లపురుగులున్న నీళ్లు పొరపాటున ఒలికేదాకా, అది చర్మం గుండా లోపలికి వస్తుందని లోకానికి తెలియదు. పేగుకు చేరాక ఒక్కో పురుగు రోజుకు తాగేది చాలా తక్కువ, 0.03 మిల్లీలీటర్లు. కొంకిపురుగుల్లోనే ఇంకో రకం ఇంతకు అయిదారు రెట్లు తాగుతుంది. నూరు పురుగులున్న బిడ్డకు చిన్న రకంతోనే రోజుకు 3 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. అయిదేళ్ల బిడ్డ ఒంట్లో ఉండేదే లీటరు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అదంతా పురుగుల పనే అనడం తప్పు, తిండిలో ఇనుము లేకపోవడం ఇంకా పెద్ద కారణం. కానీ తిన్న కాస్త ఇనుమునూ రక్తంతో పాటు లాక్కునేది ఈ పురుగు.

కొత్తపట్నం నేలను ఈ కళ్లతో చూడాలి. సముద్రపు ఉప్పు తగిలే ఇసుకలో కొంకిపురుగు పిల్లలు నిలవవు. కాస్త లోపలికొస్తే, ఇసుకలో నాలుగైదు అడుగుల లోతునే తీపి నీళ్లు ఊరే దొరువులు, వాటి చుట్టూ నీళ్లు పోసి పెంచే కూరగాయల మళ్లు, సర్వి తోటల నీడ ఉంటాయి. వదులైన ఇసుక, తడి, నీడ, వేడి గాలి, ఈ నాలుగూ కలిసిన నేల కంటే దానికి అనువైన చోటు లేదు. ఆ మళ్లలో పొద్దున్నే నడిచే పాదాలు పిల్లలవీ, తల్లులవీ. ఆ ఇసుక తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది, అదే చిక్కు. బురద చూస్తే కాలు వెనక్కి తీసుకునే వాళ్లు కూడా ఇసుకలో నిశ్చింతగా నడుస్తారు. ఎవరో తెల్లవారుజామున తోట చాటుకు వెళ్లి వస్తారు. ఎనిమిదో రోజున ఆ చోటు ఎవరికీ గుర్తుండదు. పదో రోజున అక్కడ గోళీలాడిన బిడ్డ పాదం దురద పెడుతుంది. చేసినవాడికీ అనుభవించేవాడికీ మధ్య పేరు తెలియదు, ముఖం తెలియదు, వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసి కూడా ఉండకపోవచ్చు.

కర్మ సిద్ధాంతం ప్రాణమంతా ఒక నియమంలో ఉంది. చేసిన పనికి ఫలం పోకూడదు, చేయని పనికి ఫలం రాకూడదు. ఈ రెంటినీ కృతనాశం, అకృతాభ్యాగమం అనే దోషాలుగా మన తార్కికులు లెక్కగట్టారు. ఆ దోషాలు రాకుండా ఉండాలంటే గత జన్మ ఒకటి ఉండి తీరాలని వాదించారు. అయిదేళ్ల బిడ్డ కడుపులోని కొంకిపురుగు చూస్తే అకృతాభ్యాగమం కళ్లెదుట నిలబడ్డట్టే ఉంటుంది. అందుకే, ఈ జన్మలో చేయలేదు కాబట్టి వెనకటి జన్మలో చేసి ఉంటాడు అనే జవాబు అంత తేలిగ్గా నోటికొస్తుంది. ఆ జవాబును మొండిగా కొట్టిపారేయాల్సిన పని లేదు. ఎందుకంటే దాన్ని ఇక్కడ వాడకూడదని మన శాస్త్రమే చెబుతుంది. కంటికి కనిపించే కారణం ఉన్నచోట కనిపించని కారణాన్ని కల్పించడం తగదని మీమాంసకుల న్యాయం. గుడ్డు కనిపిస్తోంది, సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టగలం. అది పడిన చోటు కనిపిస్తోంది. పాదం కనిపిస్తోంది. ఇన్ని దృష్టకారణాలు వరసగా నిలబడి ఉంటే వాటిని దాటుకుని అదృష్టం దగ్గరికి దూకడం తర్కానికీ భక్తికీ రెంటికీ ద్రోహమే. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు కర్మను ఎందుకు తెచ్చారో కూడా గుర్తుంచుకోవాలి. లోకంలోని హెచ్చుతగ్గుల వల్ల ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటకుండా కాపాడడానికి తెచ్చారు. ఈశ్వరుడి మీద పడే నింద తొలగించడానికి పుట్టిన వాదంతో పంచాయతీ మీద పడాల్సిన ప్రశ్నను తొలగించడం న్యాయం కాదు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో స్తూపం కట్టిన కాలంలో ఈ నేల మీద వినిపించిన బోధలో ఇది ఉంది. మోలియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుడి దగ్గరికొచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనని కొందరంటున్నారు, తమరేమంటారని అడిగిన సంవాదం సంయుత్త నికాయంలో ఉంది. పిత్తం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, ఋతువుల మార్పు, తేడా నడవడి, బయటి దెబ్బ, కర్మ ఫలం అని బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. కర్మ ఆ ఎనిమిదిలో ఒక్కటి మాత్రమే. అన్నీ పూర్వకర్మ వల్లనే అనేవాళ్లు తమకు స్వయంగా తెలిసినదాన్నీ, లోకం సత్యమని ఒప్పుకున్నదాన్నీ మీరిపోతున్నారని ఆయన తీర్పు. కరువు పనిగా బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించిన మిషనరీ క్లౌ దొర కాలం నుంచి ఒంగోలు పల్లెల్లో చదువుతున్న బైబిలులోనూ ఇదే ప్రశ్న వస్తుంది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసిన శిష్యులు, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని అడుగుతారు. ఇద్దరిదీ కాదని యేసు చెప్పి, ప్రశ్నను అక్కడే వదిలి, ఆ మనిషికి చూపు ఇచ్చే పనిలో పడతాడు. కొత్తపట్నం పల్లెపాలెంలో చర్చికి వెళ్లే తల్లికైనా, గుడికి వెళ్లే తల్లికైనా తన బిడ్డ జబ్బుకు పాపం వెతకనక్కర్లేదని చెప్పడానికి ఆమె మతంలోనే ఆధారం ఉంది. బయటినుంచి ఏ నాస్తికుడూ వచ్చి చెప్పాల్సిన పని లేదు.

అన్నిటికన్నా దగ్గరి మాట చరక సంహిత విమానస్థానంలో ఉంది. మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువును అడిగే ప్రశ్న నేటి వైద్యాధికారి అడగాల్సినదే. మనుషుల ప్రకృతి వేరు, తిండి వేరు, బలం వేరు, వయసు వేరు, మరి ఒకే జబ్బు ఊళ్లకు ఊళ్లనే ఎలా పట్టుకుంటుంది? అవన్నీ వేరైనా గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడి అని ఆత్రేయుడు జవాబు చెబుతాడు. ఆ నాలుగూ చెడితే జనపదం చెడుతుంది. అవి చెడడానికి మూలం అధర్మం అంటాడు, అంతటితో ఆగడు. దేశానికీ పట్టణానికీ పెద్దలైనవాళ్లు ధర్మం తప్పి పాలిస్తే ఆ అధర్మం కింది దాకా పాకుతుందని విప్పి చెబుతాడు. కర్మను ఒక బిడ్డ నుదుటి మీద కాకుండా ఒక ఊరి పెద్దల పని మీద వెతికిన వాక్యం మన వైద్యంలో ఉంది, దాన్ని ఎందుకు ఇంత తక్కువగా తలుచుకుంటామో తెలియదు. అదే అధ్యాయంలో, ఆయువంతా ముందే రాసిపెట్టి ఉంటే మందులెందుకు, జాగ్రత్తలెందుకు అని దైవవాదాన్ని నిలదీసి, దైవానికీ పురుషకారానికీ రెంటికీ బలం ఉందని, బలమైనది బలహీనమైనదాన్ని అణుస్తుందని తేలుస్తాడు. పురుషకారానికి తెలుగువాళ్లు ఉదాహరణ ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పడుచు వయసులో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నాడు, ఆ తర్వాత వైద్యానికి వచ్చాడు. ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ను లోకానికి ఇచ్చింది. బోదకాలు పురుగు మీద నేటికీ ఊళ్లకు ఊళ్లకే ఇచ్చే మందు అదే, ఏలికపాముల మీద కూడా ఒకప్పుడు వాడారు. మఠానికి వెళ్లబోయిన మనిషి ప్రయోగశాలలో చేసినదాన్ని తపస్సు అనడానికి నేను సందేహించను.

ఏడో అధ్యాయంలో చరకుడు పురుగుల సంగతికి వస్తాడు, అయితే దానికి ముందు పెట్టిన హెచ్చరిక నాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. పెద్ద జబ్బు ఉన్నా ఒంటి బలం వల్ల చిన్న జబ్బులా కనిపించేవాళ్లు ఉంటారు, చిన్న జబ్బే ఉన్నా పెద్ద జబ్బులా కనిపించేవాళ్లూ ఉంటారు, రూపం చూసి నిర్ణయించే వైద్యుడు తప్పు చేస్తాడు అంటాడు. మన ఇళ్లలో పురుగుల నిర్ధారణ అంతా రూపం మీదే నడుస్తోంది. నిద్రలో పళ్లు కొరికితే పాములే, ముఖం మీద తెల్ల పొడలొస్తే పాములే, బెల్లం అడిగితే పాములే. పళ్లు కొరకడానికీ పురుగుకీ గట్టి సంబంధం తేలలేదు. మరోవైపు, మెల్లగా రక్తం పోతున్న బిడ్డ పరిగెత్తుతూనే ఉంటాడు, బడికి వస్తూనే ఉంటాడు, పాఠం మీద మనసు నిలవదు, అంతే. ఆ బిడ్డను మందబుద్ధి అంటారు. పురుగులకు చరకుడు చెప్పిన చికిత్సకు మూడు మెట్లు ఉన్నాయి. ఉన్నవాటిని బయటికి తీయడం, అవి బతకలేనట్టు లోపలి స్థితి మార్చడం, కారణమైనవాటి జోలికి పోకపోవడం. వాయువిడంగాలు మొదటి రెండు మెట్లకూ పనికొచ్చిన మందు, ఆముదం పట్టించడం మొదటి మెట్టు. మూడో మెట్టు దగ్గర చరకుడికి గుడ్డు సంగతి తెలియదు, తిండిలోనే కారణం ఉందనుకున్నాడు. కారణం ఎక్కడుందో మనకిప్పుడు తెలుసు, అయినా మూడో మెట్టు దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఆల్బెండజోల్ మొదటి మెట్టు. ఏలికపాములున్న నూరు మందిలో తొంభై అయిదు మందికి అది ఒక్క మాత్రతో పని చేస్తుంది, కొంకిపురుగు మీద ఎనభై మంది దాకా, కొరడాపురుగు మీద ముప్ఫై మందికే. మట్టిలో ఉన్న గుడ్డును అది తాకనే తాకదు. అందుకే ఏడాది తిరిగేసరికి చాలాచోట్ల ఏలికపాములు దాదాపు మునుపటి లెక్కకే వస్తాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పరీక్ష చేయకుండా మందెందుకు? పరీక్ష ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే విషయం సగం తేలుతుంది. బిడ్డ మలం తెప్పించుకుని, చిన్న జల్లెడ మీద నొక్కి, 41.7 మిల్లీగ్రాములు పట్టే రంధ్రంలో నింపి, గ్లిసరిన్‌లో, పచ్చరంగులో నానిన సెలోఫేన్ ముక్కతో గాజుపలక మీద అదుముతారు. సూక్ష్మదర్శినిలో గుడ్లు లెక్కపెట్టి 24తో హెచ్చిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. కొంకిపురుగు గుడ్డు గ్లిసరిన్‌లో గంట లోపే మాయమైపోతుంది, కాబట్టి పలకను వెంటనే చూడాలి. పురుగులు తక్కువ ఉంటే ఒక్క పలకలో గుడ్డు కనిపించకపోవచ్చు, మరుసటి రోజు మళ్లీ చూడాలి. ఒక్కో బిడ్డకూ ఇంత పని చేయాలంటే ఖర్చు మాత్ర ధరకు ఎన్నో రెట్లవుతుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా మందు ఆపితే, పరీక్షకు రాని బిడ్డకు, అంటే అందరికన్నా పేద బిడ్డకు, మందు అందనే అందదు. అయినా ఖర్చు మాట అసలు సమాధానం కాదు. అసలు సమాధానం ఏమంటే, నిర్ధారణ జరుగుతోంది, బిడ్డకు కాదు, ఊరికి. ఒక ప్రాంతంలో కొందరు పిల్లలను పరీక్షించి నూటికి ఇరవై మందిలో పురుగులుంటే ఏటా ఒకసారి, యాభై మందిలో ఉంటే రెండుసార్లు అందరికీ మందు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గుడ్డు ఉమ్మడి నేలలో ఉంది కాబట్టి మందూ ఉమ్మడిగానే వేయాలని ఈ నియమానికి అర్థం. మందు తిన్న బిడ్డ మలంలో గుడ్లు తగ్గితే పక్కింటి బిడ్డ నేలలోనూ తగ్గుతాయి.

జబ్బు లేని బిడ్డకు మందిచ్చి వాంతి తెప్పించే హక్కు ఎవరిచ్చారు అని ఇంకొకరు అడుగుతారు. ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. ఆల్బెండజోల్ చాలా సురక్షితమైన మందు. వచ్చే ఇబ్బందులు చాలామటుకు కాసేపటి కడుపునొప్పి, వికారం, అవి కూడా పురుగులు ఎక్కువున్న పిల్లల్లోనే ఎక్కువ. ఆ రోజు జ్వరంతో ఉన్న బిడ్డకు ఇవ్వరు. చిన్నపిల్లలకు మాత్ర గొంతుకు అడ్డం పడుతుందనే నమిలించాలని, పొడి చేసి పట్టాలని నియమం పెట్టారు. ఇన్ని జాగ్రత్తలున్నా, ఊరికి మేలు జరుగుతుందనే లెక్క మీద ఒక బిడ్డ ఒంటిని వాడుకోవడం ధర్మమేనా? అవునంటాను, కానీ ఒక షరతు మీద. ఊరి పేరు చెప్పి బిడ్డ ఒంట్లోకి మందు పంపిన సమాజానికి ఆ బిడ్డ దగ్గర బాకీ పడుతుంది. తల్లికి ముందే చెప్పి, అడిగినదానికి జవాబు చెప్పి ఇవ్వడం ఆ బాకీలో చిన్న వాయిదా. మాత్ర వేసిన ఊరు తన నేలను అలాగే వదిలేస్తే, ఊరి పాపాన్ని బిడ్డ చేత మళ్లీ మళ్లీ మింగించినట్టే. యశోద మన్ను తిన్నావా అని గద్దించి కృష్ణుడి నోరు తెరిపిస్తే అందులో ఆమెకు లోకమంతా కనిపించింది. మన్ను తినే మన పిల్లల నోట్లోనూ కనిపించేది వాళ్ల తప్పు కాదు, మన ఊరే.

లెక్కల వైపు నుంచి వచ్చే ఆక్షేపణ ఇంకా గట్టిది. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది చిన్నపిల్లలను తీసుకుని, సగం మందికి అయిదేళ్ల పాటు ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ ఇచ్చి చూసిన డెవ్టా అధ్యయనం 2013లో వచ్చింది. మరణాల్లో గానీ బరువులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొక్రేన్ సమీక్షలు కూడా అందరికీ మందిస్తే సగటున బరువు, రక్తం, చదువు పెద్దగా పెరగవనే అన్నాయి. కెన్యాలోని బూసియాలో 75 బడుల్లో క్రెమర్, మిగెల్ చేసిన అధ్యయనం మాత్రం, గైర్హాజరీ నాలుగో వంతు తగ్గిందని, మందు తినని పిల్లలకూ మేలు జరిగిందని 2004లో ప్రకటించింది. దాని లెక్కల్లో కొన్ని తప్పులున్నాయని 2015లో పెద్ద వాగ్వాదమే జరిగింది. అదే పిల్లలను ఇరవై ఏళ్ల తర్వాత కలిసి చూస్తే, ముందుగా మందు అందినవాళ్ల గంట సంపాదన 13 శాతం ఎక్కువగా ఉందని 2021లో రాశారు. వీటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని విసిరేయడం నిజాయితీ కాదు. సగటు అనే అంకె ఏం దాస్తుందో చూడాలి. పురుగులు అందరి కడుపుల్లో సమంగా ఉండవు. ఒక ఊళ్లోని పురుగుల్లో ఎక్కువ భాగం కొద్దిమందిలోనే ఉంటాయి. పురుగే లేని డెబ్భై మందినీ, రెండు మూడు ఉన్న పాతిక మందినీ, పేగు నిండా ఉన్న అయిదుగురినీ కలిపి సగటు తీస్తే, ఆ అయిదుగురికి తిరిగొచ్చిన బలం అంకెలో కరిగిపోతుంది. ఆ అయిదుగురు ఎవరో పరీక్ష లేకుండా తెలియదు, పరీక్షకు అందరికన్నా చివర వచ్చేది వాళ్లే. సగటున లాభం తక్కువ కాబట్టి ఆపేద్దాం అనే మాట, ఆ అయిదుగురిని మళ్లీ వాళ్ల కర్మకు వదిలేద్దాం అనే మాటే, గణితంలో చెప్పినంత మాత్రాన దానికి వేరే అర్థం రాదు. అయితే ఈ అధ్యయనాలు నేర్పిన ఒక నిజాన్ని తలవంచి ఒప్పుకోవాలి. ఒట్టి మాత్రతో బాల్యం బాగుపడిపోతుందని చెప్పడం అబద్ధం.

సరే, మరుగుదొడ్లు కడదాం అంటే అక్కడా ఒక చేదు ఫలితం ఎదురొస్తుంది. ఒడిశాలో పూరీ జిల్లాలో నూరు ఊళ్లు తీసుకుని, సగం ఊళ్లలో మరుగుదొడ్లు ఉన్న ఇళ్లను 9 శాతం నుంచి 63 శాతానికి పెంచారు. 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఫలితం ప్రకారం విరేచనాలూ తగ్గలేదు, పురుగులూ తగ్గలేదు. ఇది మరుగుదొడ్డి వద్దని చెప్పే ఫలితం కాదు. కట్టిన దొడ్డిని ఇంట్లో అందరూ వాడలేదు, దొడ్డి లేని ఇళ్లు ఎలాగూ మిగిలాయి, పసిపిల్లల మలం పెరట్లోనో వీధిలోనో పారేయడం మారలేదు. పసిపిల్లల మలం అపవిత్రం కాదనే భావన మన ఇళ్లలో గట్టిగా ఉంది, గుడ్లు మాత్రం అందులోనే ఎక్కువ ఉండొచ్చు. ఇక్కడే మతం నేరుగా ప్రశ్నలోకి వస్తుంది. మడి, మైల అనే లెక్కలో మలం ఇంటికి దూరంగా పోవాలి, గుంత నిండితే దాన్ని తాకేవాడు వేరే కులంవాడై ఉండాలి. డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో రాసిన పుస్తకంలో ఉత్తరాది పల్లెల గురించి ఈ మాటే చెప్పారు, కోస్తా పల్లెలకు అది వర్తించదని అనుకోవడానికి కారణం కనిపించదు. రెండు గుంతల దొడ్డిలో ఒకటి మూసి రెండేళ్లు వదిలేస్తే లోపలిది దాదాపు మట్టే అవుతుంది, పారతో ఎవరైనా తీయవచ్చు. ఆ పార పట్టుకోవడానికి ఇష్టపడని చెయ్యి, తెల్లవారుజామున సర్వి తోటకు నడిచే కాలు, రెండూ ఒకే నమ్మకం నుంచి వచ్చాయి. అంటు అని భయపడి మలాన్ని ఇంటి నుంచి దూరం పెట్టిన నమ్మకమే దాన్ని మన పిల్లల పాదాల కిందికి తెచ్చి పెడుతోంది. శుచి అనే భావన పూర్వులు మనకిచ్చిన గొప్ప సంపద. దాన్ని కులం చేతిలోంచి తీసుకుని గుడ్డు ఉన్న చోటు మీద పెట్టడం దాన్ని పాడుచేయడం కాదు, అసలు పనికి మళ్లించడం.

పురుగూ ప్రాణే కదా, దాన్ని చంపడం హింస కాదా అనే ప్రశ్నను కూడా దాటవేయకూడదు. రెండు ఇంద్రియాలున్న జీవులకు ఉదాహరణగా జైనుల తత్త్వార్థసూత్రం కృమినే చెబుతుంది, ఒకప్పుడు ఈ నేలలో జైనం బాగా బతికింది. నా జవాబు చిన్నదే. తన ఆహారం కోసం బిడ్డ రక్తం తాగే జీవికీ, ఆ బిడ్డకూ మధ్య ఎన్నుకోక తప్పనప్పుడు బిడ్డ పక్షాన నిలబడటం హింస చిట్టాలో రాయదగ్గది కాదు. పైగా గుడ్డు నేలకు చేరకుండా ఆపితే చంపాల్సిన పురుగులే పుట్టవు, అహింసను గట్టిగా పాటించేవాడికి దొడ్డి కట్టడం మాత్ర కన్నా ఎక్కువ ఇష్టం కావాలి. ఇంకొందరు, ఇదంతా తల్లుల అజాగ్రత్త, చేతులు కడిగిస్తే చాలు అంటారు. కడవతో నీళ్లు మోసుకొచ్చే ఇంట్లో చేతులు కడగడం ఎంత ఖరీదైన పనో ఆలోచించకుండా అనే మాట ఇది. 1937 వేసవిలో సోషలిస్టులు కొత్తపట్నంలోనే ఆర్థిక రాజకీయ పాఠశాల పెట్టి ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నారు. పేదవాడి లేమికి కారణం అతడి తలరాతలో ఉందా, ఊరి అమరికలో ఉందా అనేది అప్పటి ప్రశ్న, ఇప్పటికీ అదే.

ఈ వాదం నిజమైతే దాన్ని ఒక కూలి పట్టీ మీద పరీక్షించవచ్చు. మాత్రలిచ్చే ఫిబ్రవరి నాటికి గుంటూరు, పల్నాడు చేలల్లో మిరపకోతలు ముమ్మరంగా ఉంటాయి. పడమటి ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి కుటుంబాలు పిల్లలతో సహా వలస వచ్చి చేల పక్కనే గుడారాలు వేసుకుంటాయి. అక్కడ దొడ్డి ఉండదు, చేనే దొడ్డి. అక్కడే కోస్తారు, అక్కడే వండుతారు, పిల్లలు ఆ మళ్ల మధ్యనే నిద్రపోతారు. కొంకిపురుగు పెద్దవాళ్లలోనే ఎక్కువగా నిలుస్తుంది, కానీ బడిలో ఇచ్చే మాత్ర తల్లి దగ్గరికి రాదు. వలస వచ్చిన బిడ్డ దగ్గరికీ రాదు. వాడి పేరు సొంత ఊరి రిజిస్టరులో గైర్హాజరు కింద ఉంటుంది, చేను ఉన్న ఊరి రిజిస్టరులో అసలు ఉండదు. మిగిలిపోయినవాళ్ల కోసం వారం తర్వాత పెట్టే రెండో రోజుకూ వాడు గుడారంలోనే ఉంటాడు. కూలి పట్టీలో తల్లి పేరు రాసుకునే ముఠా మేస్త్రీకి ఆ పిల్లల పేర్లూ తెలుసు. ఆ పట్టీ ఊరి ఏఎన్ఎం చేతికి చేరితే మాత్ర కల్లం దగ్గరికే వెళుతుంది. గుడారాలకు స్థలమిచ్చిన రైతుతో పంచాయతీ మాట్లాడి కోతల మూడు నెలలకూ తాత్కాలికంగా గుంత దొడ్లు తవ్వించవచ్చు, సీజను అయ్యాక మట్టి కప్పించవచ్చు. ఇది ఆరోగ్య శాఖ ఒక్కదాని పని కాదు, చేను గలవాడిదీ, ముఠాదీ, పంచాయతీదీ. రేపు ఫిబ్రవరికి ముందు జరిగే గ్రామసభలో, మన ఊరి చేలల్లో ఎన్ని గుడారాలు పడ్డాయి, వాటిలో ఎంతమంది పిల్లలున్నారు అని ఎవరైనా లేచి అడగవచ్చు.